పదిహేడో నంబరు బెల్టు

ఆమెను కుర్చీలో కుదురుగా కూర్చోబెట్టిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ఇంట్లో బొంగరం అంటారు. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఆఫీసులో వేరే పేరుంది, అడుగుల మేడం. మనుషులు రోజుకు ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టడం, పిల్లలు ఊబకాయం బారిన పడకుండా దారి వెతకడం ఆమె ఉద్యోగం. ప్రజారోగ్య పరిశోధన సంస్థలో మూడో అంతస్తు, చివరి గది. లిఫ్టుంది. ఆమె ఎక్కదు. ఎక్కేవాళ్ళను చూసి ఊరుకోదు కూడా. "ఏం, మెట్లకేమైనా జబ్బు చేసిందా?" అని అడుగుతుంది. అందుకని ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, మొదటి అంతస్తుకు లిఫ్టు కోసం నిలబడ్డవాళ్ళు ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నటిస్తారు.

లిఫ్టు మీద ఆమెకున్న కక్ష ఈనాటిది కాదు. నాన్న ఒక పెద్ద ఆస్పత్రిలో లిఫ్టు నడిపేవాడు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా ఆ ఇనప గదిలో ఒక స్టూలు, దాని మీద నాన్న. రోజంతా పైకీ కిందకీ తిరిగే మనిషి, రోజంతా ఒక్క అడుగూ వేయని మనిషి. "నేను ఎక్కినన్ని అంతస్తులు కొండలెక్కేవాళ్ళు కూడా ఎక్కి ఉండరే" అని గొప్పలు పోయేవాడు. ఇరవై రెండేళ్ళు అలా ఎక్కాడు. ఒళ్ళు పెరిగింది, షుగరు వచ్చింది, యాభై దాటీ దాటకముందే ఒక కాలు మోకాలి కిందకు తీసేశారు. తను నడిపిన లిఫ్టులోనే ఆయన్ను ఆపరేషనుకు పైకి తీసుకెళ్ళారు. స్టూలు మీద ఉన్న కొత్త మనిషి ఆయన్ను చూసి లేచి నిలబడ్డాడు. అప్పటికి బొంగరానికి పదిహేనేళ్ళు. అప్పటి నుంచి ఆమెకు కూర్చోవడమంటే భయం. భయమని మాత్రం ఒప్పుకోదు, క్రమశిక్షణ అంటుంది.

అలాంటిదానికి దొరికిన మొగుడు ఎవరనుకున్నారు? గడియారాలు బాగుచేసే మనిషి. కంటికి భూతద్దం తగిలించుకుని, బల్లకు అతుక్కుపోయి, పది గంటలు కదలకుండా చేసే పని. ఊరందరినీ నడిపిస్తానని బయలుదేరిన మనిషి ఇంట్లో ఒక్కణ్ణి లేపలేకపోయింది. పెళ్ళైన కొత్తలో ఆయన కూడా నాలుగు రోజులు వెంట నడిచాడు, కాదనను. ఐదో రోజు సందు చివర ఆగి, "నువ్వు నడుస్తూ ఉండు, ఇంటికి తాళం వేశానో లేదో చూసొస్తా" అని వెనక్కి తిరిగాడు. పదహారేళ్ళయింది, ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఎనిమిదేళ్ళుగా ఆమెది ఒకటే పట్టు. స్కూళ్ళలో రోజూ ఒక గంట ఆటలకు ఇవ్వాలి. వారానికొకసారి కాదు, రోజూ. పరీక్షలొస్తున్నాయని లెక్కల టీచరు ఆ గంటను లాక్కోకూడదు. అలా ఇస్తే పిల్లలు మరీ లావెక్కకుండా ఉంటారని రుజువు చెయ్యాలి. రుజువు కోసం పన్నెండు స్కూళ్ళు ఎంచుకుంది. ఆరింట్లో రోజూ ఆటల గంట, మిగతా ఆరింట్లో మామూలు టైంటేబులు. స్కూలుకు అరవై మంది చొప్పున పిల్లలు. బరువు మొదట్లో ఒకసారి చూడాలి, రెండేళ్ళ తర్వాత ఒకసారి చూడాలి. ఒక్కొక్కరికి ఒక నంబరు, నడుముకు ఒక బెల్టు, బెల్టుకు అగ్గిపెట్టెంత మీటరు. వేసిన అడుగులన్నీ అది నిమిషం నిమిషానికి రాసిపెట్టుకుంటుంది. పొద్దున క్లాసులోకి రాగానే కట్టుకోవాలి, ఇంటికి వెళ్ళేటప్పుడు గోడకు వేలాడే గుడ్డ సంచీలో తమ నంబరున్న జేబులో పెట్టి వెళ్ళాలి. అరవై జేబుల ఆ సంచీలను దర్జీ పక్కన నిలబడి మరీ కుట్టించింది. పిల్లల పేర్లు ఆమె దగ్గర ఉండవు. పేర్లు తెలిస్తే పక్షపాతం వస్తుందని ఆ పనిలో నియమం. అందుకే ఇక్కడ కూడా పిల్లలు నంబర్లుగానే వస్తారు, తప్పు నాది కాదు.

మొదటి మూడు నెలలు బాగానే గడిచింది. తర్వాత పిల్లలకు మోజు తీరిపోయింది. సగం బెల్టులు జేబుల్లోంచి బయటికే రావడం లేదు. నడుముకు కట్టని బెల్టుతో ఏం రుజువు చేస్తాం? బొంగరం రెండు వారాలు తల బద్దలు కొట్టుకుంది. అప్పుడు తట్టింది ఆమెకు బోర్డు సంగతి. ఆటల గంట ఉన్న ఆరు స్కూళ్ళలోనూ క్లాసు గోడకు ఒక పెద్ద బోర్డు. ఎడమ పక్క నంబర్లు, కుడి పక్క ఆ వారం వేసిన అడుగులు. ఎక్కువ వేసిన నంబరు అన్నిటికన్నా పైన, తక్కువ వేసిన నంబరు అట్టడుగున. ఆ వారం ఆరు స్కూళ్ళలో ఏది ఫస్టో బోర్డు తల మీద. నంబర్లే కదా, పేర్లు కావు కదా అనుకుంది. ప్రతి బెల్టు మీదా వేలెడంత అంకె ఉంటే ఏ నంబరు ఎవరిదో క్లాసులో తెలియనిదెవరికి? అంత చదువుకున్న మనిషికి ఆ చిన్న సంగతి తట్టలేదు. అక్కడే పప్పులో కాలేసింది.

తెలియనంత కాలం హాయిగానే ఉంది. వారం తిరిగేసరికి దాదాపు అన్ని బెల్టులూ నడుముల మీదకు ఎక్కాయి. ఆమె ఎగిరి గంతేసింది. పెద్దసారు, అంటే సంస్థ డైరెక్టరు, ఆ బోర్డును ఫొటో తీయించి తన గదిలో తగిలించుకున్నాడు. ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడు.

రెండేళ్ళు పూర్తయ్యాయి. ఒక సోమవారం పొద్దున ఆఖరి తూకాలు వచ్చాయి. ఆ శుక్రవారమే కమిటీ. నగరంలో అన్ని స్కూళ్ళకూ ఆటల గంట పెట్టాలా వద్దా అని తేల్చేది ఆ కమిటీయే. అంకెలన్నీ కూడి, తీసి, ఫలితం చెప్పే సహోద్యోగి ఒకాయన ఉన్నాడు, లెక్కలాయన అంటారు. టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"గెలిచాం మేడం. ఆటల గంట ఉన్న స్కూళ్ళలో బరువు పెరగడం బాగా తగ్గింది. శుక్రవారం మీరెళ్ళి చదివేస్తే చాలు."

"అన్నీ సరిచూశారా?"

"రెండుసార్లు చూశాను. ఇకనైనా ఒక్క పూట కూర్చోండి, మీకు పుణ్యముంటుంది."

ఆమె నిలబడే కాగితాలు తిరగేసింది. మూడో స్కూలు జాబితాలో పదిహేడో నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. పదకొండేళ్ళ పిల్ల. అడుగుల్లో క్లాసులో మూడో స్థానం. ఎదిగే వయసులో బరువు పెరగడం మామూలే గానీ, ఈ పిల్ల రెండేళ్ళలో పెరిగింది పద్దెనిమిది కిలోలు.

"ఇదేంటి? ఇంత తిరిగే పిల్ల ఇంత ఎలా పెరిగింది?"

"కొందరి ఒంటి తీరే అంత మేడం. ఏడొందల ఇరవై మందిలో ఒక్క పిల్ల. దాన్ని పట్టుకుని వేలాడకండి."

వేలాడకపోతే ఆమె బొంగరం ఎందుకవుతుంది? లెక్కలాయన అటు వెళ్ళగానే ఆ స్కూలు పిల్లల గీతలన్నీ ప్రింటు తీసింది. నిమిషానికి ఎన్ని అడుగులో చూపించే గీతలు, మనిషికొక కాగితం. వాటిని బల్ల మీద పెట్టుకుని చూడటం ఆమెకు చేతకాదు. కిటికీ అద్దాలకు అంటించి, గది ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ చూస్తుంది. ఆ రోజు అరవై కాగితాలకు అద్దాలు చాలలేదు. చాలక కొన్నిటిని ఒకదాని మీద ఒకటి అంటించింది. మధ్యాహ్నానికి ఎండ ఇటు తిరిగి కాగితాల్లోంచి వెలుతురు పడింది. పదిహేడో నంబరు కాగితం వెనక ఇరవై మూడో నంబరు ఉంది. కాగితాలు రెండు, కనబడుతున్న గీత మాత్రం ఒక్కటే. పదీ నలభైకి ఒకటి లేచిన చోటే రెండోదీ లేచింది. పదీ యాభై రెండుకు ఒకటి ఆగిన చోటే రెండోదీ ఆగింది. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని పరుగెత్తినా అంత కచ్చితంగా కలవదు. రెండు బెల్టులూ ఒకే నడుముకు ఉంటే కలుస్తుంది.

వేరే రోజుల కాగితాలు తీసింది. అదే వరస. కాలు కాలిన పిల్లిలా ఆ గదిలో సాయంత్రం దాకా తిరిగింది. ఇంటికెళ్ళినా తిరగడం ఆపలేదు.

మంగళవారం చెప్పాపెట్టకుండా మూడో స్కూలుకు వెళ్ళింది. నడిచే వెళ్ళింది. నడక అనకూడదు దాన్ని, ఎవరో తరుముతున్నట్టు పోయింది. ఆటల గంట అప్పుడే మొదలైంది. డ్రిల్లు మాస్టారు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. మెడలో ఈల, ఈల కన్నా ఒక జానెడు ముందు పొట్ట.

"రండి మేడం, రండి! ఈ వారం కూడా మా స్కూలే ఫస్టు. ఆ ఇరవై మూడు ఉందే, అది పిల్ల కాదు, సుడిగాలి."

"మరి పదిహేడు ఎక్కడ?"

ఆయన గ్రౌండంతా కలియజూశాడు. "ఇక్కడే ఎక్కడో ఉంటుంది లెండి. బోర్డులో మూడో నంబరు వస్తోందిగా, ఇంక చూడాల్సిన పనేముంది?"

అదీ సంగతి. బోర్డు వచ్చాక ఆయన గ్రౌండు వైపు చూడటం మానేశాడు. ఇరవై మూడు మాత్రం నిజంగానే సుడిగాలి. బక్కపలచని పిల్ల, అటూ ఇటూ దూసుకుపోతోంది. పరుగెత్తినప్పుడల్లా నడుము దగ్గర ఏదో టకటక కొట్టుకుంటోంది. బొంగరం పక్కకు పిలిచి చూసింది. చొక్కా కింద ఒకటి కాదు, మూడు బెల్టులు. పిల్ల మొహం పాలిపోయింది.

"నేను అడగలేదు మేడం, వాళ్ళే ఇచ్చారు," అంటూ క్లాసు వైపు చూసింది.

క్లాసు గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఖాళీ బెంచీల మధ్య ఇద్దరు పిల్లలు. ఒకడు బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. రెండో పిల్ల లావుగా, గుండ్రంగా ఉంది, తలొంచుకుని గబగబా ఏదో రాస్తోంది. ఇరవై మూడో నంబరు పిల్ల నోటుబుక్కు అది. తన బెల్టు మోసిపెడుతున్నందుకు ఆ పిల్ల లెక్కల హోంవర్కు ఈ పిల్ల చేస్తుందన్నమాట. మనిషి అలికిడికి ఉలిక్కిపడి లేచి, పుస్తకం వీపు వెనక దాచుకుంది.

"కూర్చో అమ్మా," అంది బొంగరం. ఆ మాట తన నోటి నుంచి రావడం తనకే కొత్తగా ఉంది. తను కూడా అదే బెంచీ చివర ఒదిగింది. "నేనేమీ అనను. ఎన్నాళ్ళ నుంచి ఇస్తున్నావ్ బెల్టు?"

పిల్ల గోళ్ళు గిల్లుకుంది. "బోర్డు పెట్టిన మూడో వారం నుంచి."

ఏడాదిన్నర పైమాటే.

"అంతకుముందు ఆటలకు వెళ్ళేదానివా?"

"రోజూ వెళ్ళేదాన్ని మేడం. మేము పట్టుకునే ఆట ఆడేవాళ్ళం. నాకు పరుగు రాదు. కానీ దగ్గరికి వచ్చేదాకా ఆగి, వంగి తప్పించుకోవడం బాగా వచ్చు."

"మరి ఎందుకు మానేశావ్?"

"బోర్డులో అన్నిటికన్నా కింద నా నంబరే వచ్చింది. సోమవారం డ్రిల్లు సారు అందరి ముందు చదివారు. పదిహేడుకు ఉత్సాహం రావాలి, అందరూ చప్పట్లు కొట్టండి అన్నారు. కొట్టారు."

"ఎగతాళిగానా?"

"లేదు మేడం. మంచిగానే కొట్టారు." పిల్ల తలెత్తి చూసింది. "ఆ రోజు మీరు కూడా ఉన్నారు. మీరు కూడా కొట్టారు."

బొంగరానికి తల కొట్టేసినట్టయింది. ఎంత గుర్తు చేసుకున్నా ఆ సోమవారం గుర్తుకు రాలేదు. ఎలా వస్తుంది? ఆరు స్కూళ్ళలో ఎన్ని సోమవారాలు నవ్వుతూ నిలబడి ఎందరికి చప్పట్లు కొట్టిందో. పిల్లకు ఆ మొహం చూసి భయమేసినట్టుంది, సముదాయించడం మొదలుపెట్టింది.

"సారుకు చెప్పకండి మేడం, నా ఫ్రెండును తిడతారు. నా అంకె తగ్గితే మన స్కూలు ఓడిపోతుంది. మీకు కూడా పెద్ద అంకెలు కావాలి కదా, అందుకే ఇచ్చాను."

ఆమె పిల్ల తల మీద చెయ్యి వేద్దామనుకుని, వేసే అర్హత ఉందో లేదో తేల్చుకోలేక, చెయ్యి వెనక్కి తీసుకుంది.

బుధవారమంతా లెక్కలాయన కంప్యూటరు ముందు నుంచి లేవలేదు, ఆమె ఆయన కుర్చీ వెనక తిరగడం ఆపలేదు. "మీరు అలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి మేడం" అని నాలుగుసార్లు మొత్తుకున్నాడు. సాయంత్రానికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నలభై ఒకటి. ఆరు స్కూళ్ళలోనూ ఉంది. నలభై ఒక్కమంది బెల్టులు వేరేవాళ్ళ నడుముల మీద తిరిగాయి."

"బరువున్న పిల్లలేనా?"

"దాదాపు అందరూ. ఇంకో మాట చెప్తాను, తిట్టకండి. ఆటల గంటే లేని స్కూళ్ళలో కూడా ఇలాంటి పిల్లలు ఇంతగా పెరగలేదు."

అంటే ఆమె ఆటల గంట అసలు పెట్టకపోయి ఉంటేనే వాళ్ళు ఇంతకన్నా బాగుండేవాళ్ళు.

లెక్కలాయన చెడ్డవాడు కాదు. ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకునే మనిషే. ఆయనే దారి చూపించాడు. "మీటరు చెడిపోయిందని ఆ నలభై ఒక్కటీ తీసేద్దాం. చెడిపోయినవి తీసెయ్యొచ్చని నియమాల్లో ఉంది. తీసేస్తే ఫలితం తగ్గదు, ఇంకా పెరుగుతుంది."

పెరగదా మరి! లావైన పిల్లల్ని లెక్కలోంచి తోసేస్తే లావు తగ్గినట్టే కనబడుతుంది. ఎవరి కోసం ఈ ఎనిమిదేళ్ళ గొడవ మొదలైందో వాళ్ళను మెడబట్టి గెంటేస్తే గెలుపు మనదే. బొంగరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ను ఏమీ అనలేక, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగింది.

గురువారం పెద్దసారు పిలిచాడు. ఆయనకు సంగతి చేరిపోయింది.

"తీసెయ్యండి. దీనికింత హైరానా ఎందుకు? అన్నట్టు కమిటీ వాళ్ళకు మన బోర్డు తెగ నచ్చింది. ఆటల గంటతో పాటు ప్రతి స్కూలుకూ ఒక బోర్డు ఇద్దామంటున్నారు."

"సార్, ఆ బోర్డు వల్లే కదా ఇదంతా."

"చూడమ్మా. నలభై ఒక్కమంది కోసం లక్షమంది పిల్లల ఆటల గంట పోగొడతావా? కమిటీలో ఒక్కసారి నీళ్ళు నమిలామంటే ఇంకో పదేళ్ళ దాకా మన మొహం చూడరు. బాగా ఆలోచించుకో."

ఆ మాటలో అబద్ధం లేదు. అదే ఆమెను తినేసింది.

సాయంత్రం ఇంట్లో వంటింటి నుంచి ముందుగది దాకా, ముందుగది నుంచి వంటింటి దాకా తిరుగుతూనే మొగుడికి అంతా చెప్పింది. ఆయన షాపు ఆ ముందుగదే. కంటి భూతద్దం తీయకుండానే విన్నాడు.

"నిజం చెప్తే ఆ పిల్లకు ఒరిగేదేంటి? ఉన్న గంట కూడా పోతుంది."

"చెప్పకపోతే ప్రతి స్కూల్లో ఇలాంటి పిల్లలు ప్రతి సోమవారం చప్పట్లు కొట్టించుకుంటారు."

"అయితే చెప్పెయ్."

"చెప్తే ఆటల గంట పోతుందని నువ్వే అన్నావుగా!"

"అయితే చెప్పకు."

"నీతో మాట్లాడటం నాదే బుద్ధి తక్కువ," అని ఆమె చెప్పులేసుకుని గుమ్మం దాటింది. రెండు ఇళ్ళు దాటేసరికి వెనక రొప్పుతూ ఎవరో వస్తున్న చప్పుడు. ఆయనే. భూతద్దం నుదుటి మీదకు నెట్టుకుని, ఎడం చెప్పు కుడి కాలికి వేసుకుని వస్తున్నాడు. ఆమె నవ్వాల్సింది, ఏడ్చింది. ఇద్దరూ నాలుగు వీధులు నడిచారు.

మూడో వీధిలో ఆమె ఉన్నట్టుండి నాన్న గురించి మాట్లాడింది. కాలు పోవడానికి ముందు రెండేళ్ళు నాన్న చెకప్పుకు వెళ్ళలేదు. పనిచేసేది ఆస్పత్రిలోనే, డాక్టరు గది రెండో అంతస్తులోనే, అయినా వెళ్ళలేదు. బద్ధకం అనుకున్నారు ఇంట్లో. ఆమె కూడా తిట్టేది. ఒకసారి మాత్రం ఆయన నోరు జారాడు. వరండాలో తూకం మిషను ఉంటుందట, దాని పక్కన గుమాస్తా ఒకడు ప్రతివాళ్ళ బరువూ కేకేసి చెప్తాడట. "అక్కడ నన్ను ఎరగనివాళ్ళెవరే" అన్నాడు, అని ఊరుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆమె ఆ స్టూలే నాన్న కాలు తీసుకుందనుకుంది. స్టూలు ఒక్కటే కాదు. ఆ కేకకు భయపడి దాక్కున్న రెండేళ్ళలోనే కాలి మీది పుండు ముదిరింది.

"నేను ఆ గుమాస్తా పనే చేశాను," అంది.

ఆయన చెప్పులు సరిగ్గా మార్చుకుని మళ్ళీ నడిచాడు.

శుక్రవారం కమిటీ సమావేశం మొదటి అంతస్తులో. ఏడుగురు సభ్యులూ లిఫ్టులో వచ్చారు. జనం కూర్చునే జీవితాలకు అలవాటు పడిపోయారని విచారిస్తూ, మెత్తటి కుర్చీల్లో క్రీము బిస్కెట్లు నములుతూ మూడు గంటలు కూర్చున్నారు. ఆమె వంతు వచ్చింది. పెద్దసారు ముందే నవ్వుమొహం పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"మొదట మా తప్పు చెప్తాను," అంది బొంగరం.

ఉన్నదున్నట్టు చెప్పింది. బోర్డు తన ఆలోచనేనని చెప్పింది. నలభై ఒక్కమంది పిల్లలు ఏడాదిన్నర క్లాసు గదుల్లో దాక్కున్నారని, వాళ్ళ బెల్టులు మాత్రం గ్రౌండులో పరుగెత్తాయని చెప్పింది. తను చప్పట్లు కొట్టిన సంగతి కూడా దాచలేదు. పెద్దసారు నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ వైపు తిరిగాడు. ఒక సభ్యుడు బిస్కెట్టు పక్కన పెట్టాడు.

"ఇవన్నీ సరే. ఆటల గంట పనిచేస్తుందా, చెయ్యదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"చేస్తుందని నా నమ్మకం. రుజువు మాత్రం నా దగ్గర లేదు. ఎవరు ఆడారో ఎవరు ఆడలేదో చెప్పలేని అంకెలు రుజువు కావు. బోర్డు లేకుండా ఇంకో రెండేళ్ళు చూడాలి."

అప్పుడు వెనక వరుసలోంచి లెక్కలాయన లేచాడు. ఫైలు కింద నుంచి రెండో పట్టిక తీసి అందరి ముందూ ఒక్కో ప్రతి పెట్టాడు. అందులో నలభై ఒక్క వరుసలూ ఉన్నాయి. ఆయన రెండు రకాలూ సిద్ధం చేసుకునే వచ్చాడు. ఏది బయటికి తీయాలో ఆమె నోటి నుంచి వినేదాకా ఆగాడు.

నిర్ణయం పావుగంటలో అయిపోయింది. వ్యవహారం వాయిదా. బోర్డులు వెంటనే తీసెయ్యాలి. ఆ ఆరు స్కూళ్ళలో ఆటల గంట ఇంకో ఆరు వారాలు, విద్యా సంవత్సరం ముగిసేదాకా మాత్రం ఉంటుంది. ఆ తర్వాత ఆ గంట చదువుకే. పెద్దసారు బయటికి వెళ్తూ ఆమె పక్కన ఆగి, "సంతోషమేనా?" అన్నాడు. ఆమెకు సంతోషం లేదు.

సోమవారం మూడో స్కూల్లో బోర్డు మరలు తనే విప్పింది. డ్రిల్లు మాస్టారు మొహం వేలాడేసుకుని నిచ్చెన పట్టుకున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి బెల్టు విప్పి సంచీలో పెడుతున్నారు. పదిహేడు అందరికన్నా చివర వచ్చింది. బెల్టు జేబులో పెట్టి, కదలకుండా అక్కడే నిలబడింది.

"ఇంక లెక్కపెట్టరా మేడం?"

"పెట్టం."

"ఎవరూ?"

"ఎవరూ పెట్టరు."

పిల్ల బోర్డు లేని గోడ వంక చూసి, ఒక్క క్షణం ఆలోచించుకుంది. "అయితే నేను కూడా గ్రౌండుకు వెళ్ళొచ్చా?"

బొంగరం తల ఊపింది.

గ్రౌండు మెట్ల మీద నిలబడి చూసింది. పట్టుకునే ఆటే. పదిహేడు మొదట ఒక మూల నిలబడింది, తర్వాత రెండడుగులు లోపలికి వేసింది. కొంచెం పరుగెత్తి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పింది. ఎన్ని అడుగులు వేసి ఉంటుందో తెలుసుకోవాలని బొంగరానికి మనసు పీకింది. తెలుసుకునే దారి లేదు. ఇంతలో ఇరవై మూడు సుడిగాలిలా మీదకు వచ్చింది. పదిహేడు కదల్లేదు. దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా వంగి, పక్కకు జారిపోయింది. ఇరవై మూడు తూలి నాలుగడుగులు అవతల ఆగింది. ఎవరో "అవుట్!" అని అరిచారు.

"కాలేదు! నన్ను ముట్టుకోనే లేదు!"

ఆ గొంతు అంత పెద్దదని బొంగరం అనుకోలేదు. పిల్ల మొహం కందిపోయింది, జడ ఊడిపోయింది, నడుము మీద చేతులు పెట్టుకుని క్లాసంతటితో ఒక్కతే దెబ్బలాడుతోంది. అంతమందీ తన వైపే చూస్తున్నారన్న ధ్యాసే లేదు. ఈలకు కూడా లొంగలేదు. చివరికి ఇరవై మూడే ఒప్పుకుంది, ముట్టుకోలేదని.

బెల్లు మోగింది. పిల్లలు లోపలికి పోతున్నారు. పదిహేడు పోతూ పోతూ వెనక్కి తిరిగి, స్నేహితురాలి మీద వేలు ఊపుతూ అరిచింది.

"రేపు చూడు! రేపు నేనే నిన్ను పట్టుకుంటా!"

రేపు ఉంది. ఎల్లుండీ ఉంది. ఆరు వారాల తర్వాత లేదని ఆ పిల్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది తనేనని బొంగరానికి తెలుసు. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి, పిల్లల వెనకే క్లాసు వైపు నడిచింది.